తెల్ల కంకి ఎందుకు వస్తుంది? – మొగి పురుగు కథ

వరి ఈనింది. కంకులు బయటికి వచ్చాయి. పాలు పోసుకున్న కంకులు బరువుకు తలలు వంచాయి. కానీ నడుమ నడుమ కొన్ని కంకులు వంగలేదు. నిటారుగా నిలబడ్డాయి. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. చేత్తో పట్టి లాగితే పుల్ల ఊడినట్టు ఊడి వచ్చాయి. గింజను నలిపి చూస్తే లోపల ఏమీ లేదు. అంతా తాలే.

దీన్నే తెల్ల కంకి అంటారు. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు వరి వేసే ఇంట్లో దీన్ని చూడని ఆడమనిషి ఉండదు. నారు పీకింది ఆమె. నాటు వేసింది ఆమె. కలుపు తీసింది ఆమె. చివరికి తాలు చెరిగేదీ ఆమే.

తెల్ల కంకి కనబడగానే చాలామంది దుకాణానికి పోతారు. ఏదో ఒక మందు తెచ్చి కొడతారు. వేల రూపాయలు ఖర్చు అవుతాయి. అయినా తెల్ల కంకి పచ్చబడదు. ఎందుకు? ఈ సంగతి తెలియాలంటే కంకిని చూస్తే చాలదు. కాండం లోపల చూడాలి. అక్కడ దాగి ఉన్న పురుగు బతుకు ఏమిటో తెలియాలి.

ఈ పురుగు ఎవరు?

దీన్ని మన దిక్కు మొగి పురుగు అంటారు. పుస్తకాల్లో కాండం తొలుచు పురుగు అని రాస్తారు. రెండూ ఒకటే. వరి మొక్క నడుమ నుంచి వచ్చే లేత ఆకు చుట్టను మొగి అంటారు. ఆ మొగిని చంపుతుంది కాబట్టి మొగి పురుగు అయింది.

వరి కూడా ఒక రకం గడ్డే. జొన్న, మక్కజొన్న, చెరకు కూడా గడ్డి జాతి మొక్కలే. గడ్డి జాతి కాండం లోపల తినేందుకు లేత పదార్థం ఉంటుంది. దాగేందుకు చోటు ఉంటుంది. అందుకే ఈ పంటల కాండంలో బతికే పురుగులు కొన్ని ఉన్నాయి. జొన్నలో, మక్కలో కాండం తొలిచే పురుగులు వేరు. వరిలో ముఖ్యమైనది పసుపు రంగు రెక్కల పురుగు. 1863లోనే వాకర్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త దీని గురించి రాసి పేరు పెట్టాడు. వరి పండే ఆసియా దేశాలు చాలావాటిలో ఇది ఉంది.

ఈ పురుగుకు ఒక గుణం ఉంది. దానికి వరే తిండి. జొన్న మీద, పెసర మీద, పల్లికాయ మీద అది బతకదు. ఈ మాట గుర్తు పెట్టుకోవాలి. ముందు ముందు పనికి వస్తుంది.

ఒక్క పురుగు, నాలుగు రూపాలు

చెన్నూరు, మహాదేవపూర్ అడవుల్లో మద్ది చెట్ల మీద దసలి పట్టు పురుగులను పెంచుతారు. ఆ పురుగు గుడ్డులోంచి పుడుతుంది. ఆకు తిని పెరుగుతుంది. గూడు కట్టుకుని అందులో పడుకుంటుంది. చివరికి రెక్కలతో బయటికి వస్తుంది. మొగి పురుగు బతుకు కూడా ఇట్లాంటిదే. తేడా ఒక్కటే. పట్టు పురుగు చెట్టు మీద అందరికీ కనబడుతుంది. మొగి పురుగు కాండంలో దాగి ఉంటుంది.

మొదటి రూపం గుడ్డు. రెండవది పురుగు. మూడవది గూటిలో నిద్ర. నాలుగవది రెక్కల పురుగు. ఈ నాలుగింటిలో వరిని తినేది రెండవ రూపం ఒక్కటే.

రెక్కల పురుగు

ఆడ రెక్కల పురుగు ఎండుగడ్డి లాంటి పసుపు రంగులో ఉంటుంది. రెండు ముందు రెక్కల మీద ఒక్కొక్క నల్ల చుక్క ఉంటుంది. బొట్టు పెట్టినట్టు స్పష్టంగా కనబడుతుంది. తోక చివర పసుపు నూగు కుచ్చులా ఉంటుంది. మగ పురుగు చిన్నది. అది బూడిద, గోధుమ రంగు కలిసినట్టు ఉంటుంది.

ఈ రెక్కల పురుగు వరిని తినదు. అసలు అది ఏమీ తినదు. వారం రోజులకు అటూ ఇటూ బతుకుతుంది. మగ ఆడ కలవడం, గుడ్లు పెట్టడం, అంతే దాని పని. పగలు వరి దుబ్బుల్లో కదలకుండా కూర్చుంటుంది. పొద్దు గూకిన తర్వాత ఎగురుతుంది. దీపం కనబడితే దాని మీదికి వస్తుంది. రాత్రి ఇంటి ముందు బల్బు కింద పసుపు రంగు చిన్న పురుగులు వాలితే, రెక్కల మీద నల్ల చుక్క ఉందేమో చూడాలి. ఉంటే పొలంలో గుడ్లు పెట్టే కాలం వచ్చినట్టే.

గుడ్లు

ఆడ పురుగు గుడ్లను వరి ఆకు కొస దగ్గర పెడుతుంది. విడివిడిగా పెట్టదు. ఒక్కచోట కుప్పగా పెడుతుంది. ఒక్క కుప్పలో 50 నుంచి 150 దాకా గుడ్లు ఉంటాయి. ఒక్క ఆడ పురుగు ఇట్లాంటి కుప్పలు రెండు మూడు పెట్టగలదు. పెట్టిన తర్వాత తన తోక నూగును గుడ్ల మీద కప్పుతుంది. కోడి తన ఈకలు పీకి గుడ్ల మీద కప్పినట్టు అన్నమాట.

అందుకే గుడ్లు గుడ్లలా కనబడవు. ఆకు కొసకు గోధుమ రంగు బూజు ముద్ద అంటుకున్నట్టు ఉంటుంది. మట్టి అనుకుని వదిలేస్తారు.

నారుమడిలో ఇట్లాంటి మాటలు వినబడుతుంటాయి.

“అత్తమ్మా, గీ ఆకు కొసకు గిదేందో అంటుకున్నది. మట్టేమో అనుకున్న. కడిగితె పోతలేదు.”

“మట్టి కాదు బిడ్డా. అది పురుగు పెట్టిన గుడ్లు. పైన నూగు కప్పుతది. గోరుతోని గీకి చూడు.”

“అయ్యో, లోపల సన్నగ తెల్లగ ఉన్నయి. గిన్ని గుడ్లా?”

“గవన్ని పురుగులైతె మన మడి ఏం గావాలె? ఆ కొస తుంచు. కింద పారెయ్యకు. సంచిల ఎయ్యి.”

ఆ అత్త చెప్పిన మాట సరైనది. గుడ్లు పొదగడానికి 5 నుంచి 9 రోజులు పడుతుంది. అన్ని రోజులూ అవి ఆకు మీదే, కంటికి కనబడేచోటే ఉంటాయి. ఈ పురుగు జీవితంలో చేతికి సులువుగా దొరికే కాలం ఇదే.

పిల్ల పురుగు

గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగు చాలా సన్నగా ఉంటుంది. దారం ముక్క తుంచినంత కూడా ఉండదు. అది ఆకు మీద ఉండదు. నోటి నుంచి సన్నని పట్టు దారం తీసి, దాన్ని పట్టుకుని కిందికి వేలాడుతుంది. గాలి వీస్తే పక్క దుబ్బు మీద పడుతుంది. నీళ్లలో పడితే తేలుతూ ఇంకో దుబ్బు చేరుతుంది. అందుకే గుడ్లు ఒక్క మొక్క మీద పెట్టినా, నష్టం చుట్టూ ఉన్న మొక్కలకు వస్తుంది.

మొక్క చేరిన పిల్ల పురుగు ముందు ఆకు తొడిమలో దూరుతుంది. కొన్ని రోజులు అక్కడే గీరి తింటుంది. తర్వాత కాండానికి రంధ్రం చేసి లోపలికి పోతుంది. వరి కాండం కణుపుకు కణుపుకు మధ్య బోలుగా ఉంటుంది. ఆ బోలు దాని ఇల్లు. లోపలి గోడ దాని అన్నం. ఒక్కొక్క కాండంలో మామూలుగా ఒక్క పురుగే ఉంటుంది. ఒక కాండం చాలకపోతే ఇంకో కాండంలోకి మారుతుంది.

లోపల అది నాలుగు నుంచి ఆరు వారాల దాకా తింటుంది. పెరిగేకొద్దీ కుబుసం విడుస్తుంది. పెరిగిన పురుగు సుమారు రెండు సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. ఒళ్లు లేత పసుపు, తల గోధుమ రంగు.

మొగి ఎట్లా చస్తుంది? కంకి ఎట్లా తెల్లబడుతుంది?

ఇంటి పైకప్పు మీది ట్యాంకుకు నీళ్లు పైపులో నుంచి ఎక్కుతాయి. నడుమ పైపు తెగితే పైన ట్యాంకు ఎండుతుంది. వరి కాండం కూడా అట్లాంటి పైపే. వేరు నుంచి నీళ్లు, బలం దాని గుండానే పైకి పోతాయి. పురుగు లోపల కొరికితే ఆ దారి తెగుతుంది.

వరి చిన్నగా, పిలకలు వేసే దశలో ఉన్నప్పుడు తెగితే నడుమ మొగి ఎండుతుంది. చుట్టూ ఆకులు పచ్చగా ఉంటాయి. నడుమ ఆకు మాత్రం గోధుమ రంగుకు వచ్చి చచ్చిపోతుంది. లాగితే సులువుగా వస్తుంది. కింద కొన కుళ్లినట్టు, కొరికినట్టు ఉంటుంది. ఈ దశలో వరికి ఇంకా శక్తి ఉంటుంది. చచ్చిన పిలక బదులు కొత్త పిలక వేస్తుంది. నష్టం కొంత పూడుతుంది.

వరి పొట్ట దశకు వచ్చిన తర్వాత తెగితే సంగతి వేరు. కంకి బయటికి వస్తుంది కానీ దానికి పాలు అందవు. గింజ నిండదు. కంకి తెల్లబడి నిలబడిపోతుంది. అప్పుడు కొత్త పిలక వేసే కాలం లేదు. వేసినా కోతకు అందదు. పోయిన కంకి పోయినట్టే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. తెల్ల కంకి కనబడే నాటికే పురుగు తన పని చేసింది. కాండం లోపల దారి అప్పటికే తెగింది. మందు కొడితే తెగిన దారి అతకదు. తెల్ల కంకి మీద కొట్టే మందు, పోసిన డబ్బు బూడిదలో పోసిన పన్నీరే. చేయవలసినది ఏదైనా అంతకు ముందే చేయాలి.

గూడు, మళ్లీ రెక్కలు

బాగా పెరిగిన పురుగు కాండం అడుగుకు దిగుతుంది. నీటి మట్టం దగ్గర, ఒక్కోసారి ఇంకా కిందికి పోతుంది. అక్కడ తెల్లని సన్న గూడు అల్లుకుంటుంది. అయితే అంతకు ముందు ఒక పని చేస్తుంది. కాండం గోడకు ఒక కిటికీ కొరికి పెట్టుకుంటుంది. పైన పలుచని పొర మాత్రం ఉంచుతుంది. ఎందుకంటే రెక్కలు వచ్చిన తర్వాత దానికి కొరికే నోరు ఉండదు. ముందే దారి చేసుకోకపోతే లోపలే చస్తుంది.

గూటిలో 6 నుంచి 10 రోజులు ఉంటుంది. తర్వాత ఆ కిటికీ గుండా రెక్కల పురుగై బయటికి వస్తుంది. గుడ్డు నుంచి గుడ్డు దాకా సుమారు 50 నుంచి 70 రోజులు పడుతుంది. సాంబ మసూరి లాంటి రకం 145, 150 రోజుల పంట. అంటే ఒక్క పంట కాలంలోనే పురుగుకు రెండు తరాలు గడుస్తాయి. మొదటి తరం మొగిని చంపుతుంది. రెండవ తరం కంకిని తెల్లబరుస్తుంది. తక్కువ రోజుల పంటలో పురుగుకు అంత సమయం దొరకదు.

కోత తర్వాత ఎక్కడ ఉంటుంది?

కోత అయింది. వడ్లు ఇంటికి వచ్చాయి. పురుగు చచ్చిందా? లేదు. అది కాండం అడుగున, కొయ్యకాళ్లలో ఉంటుంది. తిండి లేకపోయినా లోపల నిద్రపోయినట్టు ఉండి కాలం గడుపుతుంది. మళ్లీ వరి నారు పచ్చబడే సమయానికి రెక్కలతో లేస్తుంది.

పూర్వం కొడవలితో నేలకు దగ్గరగా కోసేవారు. కాండంలోని పురుగుల్లో చాలావరకు గడ్డితో పాటు కల్లానికి పోయేవి. ఇప్పుడు ఎక్కువగా కోత యంత్రం వస్తుంది. అది జానెడు, రెండు జానల ఎత్తులో కోస్తుంది. ఎత్తైన కొయ్యకాళ్లు పొలంలోనే ఉంటాయి. పురుగుకు ఇల్లు మిగులుతుంది.

ఇంకో మార్పు కూడా వచ్చింది. పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 1963లో పునాది రాయి వేశారు. దాని నుంచి కాకతీయ కాలువ కరీంనగర్ వైపు వచ్చింది. ఆదిలాబాద్ వైపు కడెం ప్రాజెక్టు నీళ్లు వచ్చాయి. ఊరూరా బోర్లు పడ్డాయి. 2014 తర్వాత తెలంగాణలో వరి వేసే భూమి ఇంకా చాలా పెరిగింది. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016లో చిన్న జిల్లాలు అయ్యాయి. కానీ వాటి నడుమ పొలాలు, కాలువలు అవే. వానాకాలం వరి, యాసంగి మళ్లీ వరి. నీళ్లు రావడం మంచిదే. అయితే వరి తప్ప వేరే తినలేని పురుగుకు కూడా ఏడాది పొడుగునా అన్నం దొరికింది.

ఒక చిన్న లెక్క

ఒక ఎకరంలో 25 క్వింటాళ్ల వడ్లు పండే పొలం ఉందనుకోవాలి. అందులో నూటికి పది కంకులు తెల్లబడ్డాయి. అంటే సుమారు రెండున్నర క్వింటాళ్లు పోయినట్టు. 2024-25లో మామూలు రకం వడ్లకు ప్రభుత్వం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. ఆ లెక్కన పోయింది 5,750 రూపాయలు. దానికి తోడు తెల్ల కంకి మీద కొట్టిన మందు ఖర్చు. ఆ డబ్బు సంఘంలో తెచ్చిన అప్పు కావచ్చు. కిస్తీ మాత్రం కట్టక తప్పదు. కౌలుకు చేసే ఇంట్లో కౌలు కూడా తగ్గదు.

రెండు గుంటల్లో చేసే పని

ఒక ఎకరం నాటాలంటే రెండు గుంటల నారుమడి చాలు. ఎకరం అంటే 40 గుంటలు. నలభై గుంటల్లో గుడ్లు వెతకడం కష్టం. రెండు గుంటల్లో వెతకడం సులువు. అందుకే మొగి పురుగును ఆపే పని తుకం పోసిన మడిలోనే మొదలు కావాలి. నారు పీకేది, కట్టలు కట్టేది ఆడవాళ్లే. కాబట్టి ఈ పని వాళ్ల చేతిలోనే ఉంది.

నారు కట్ట కట్టిన తర్వాత ఆకుల కొసలను కొడవలితో కొద్దిగా కోయాలి. రెండు మూడు అంగుళాలు చాలు. గుడ్లు కొస దగ్గరే ఉంటాయి కాబట్టి చాలావరకు అక్కడే పోతాయి. కోసిన కొసలను మడిలో, కాలువలో పారేయకూడదు. పారేస్తే గుడ్లు పొదిగి పిల్లలు నీళ్ల మీద తేలి పోతాయి. వాటిని దూరంగా గుంటలో పూడ్చాలి. నారుకు ఎండు తెగులు ఉంటే మాత్రం కొసలు కోయకూడదు. కోసిన గాయం నుంచి తెగులు ఇంకా పాకుతుంది.

ఇక్కడ కూలి మాట కూడా ఉంది. చాలా ఊళ్లలో నాటు గుత్తకు పడతారు. ఎకరానికి ఇంత అని మాట్లాడుకుంటారు. ఎంత తొందరగా నాటితే అంత లాభం. కొసలు కోస్తూ కూర్చుంటే ఆలస్యం అవుతుంది. కాబట్టి గుత్త మాట్లాడేటప్పుడే ఈ పనిని కూడా కలిపి మాట్లాడుకోవాలి. ఈ పని వల్ల పొలం యజమానికి పంట మిగులుతుంది. చేసిన వాళ్లకు కూలి దక్కడం న్యాయం.

నాటు తర్వాత ఏం చూడాలి?

వారానికి ఒకసారి ఒరం మీద నడుస్తూ పొలం చూడాలి. అటు రెండు మూరలు, ఇటు రెండు మూరలు ఉండే చోటు తీసుకోవాలి. అది సుమారు ఒక చదరపు మీటరు అవుతుంది. అంత చోటులో ఒక రెక్కల పురుగు గానీ, ఒక గుడ్ల కుప్ప గానీ కనబడితే జాగ్రత్త పడాలి. నూరు పిలకలు లెక్కపెడితే ఐదు మొగిలు చచ్చి ఉంటే మందు ఆలోచించే సమయం వచ్చినట్టు. ఒక్క చోట చూస్తే చాలదు. పొలంలో నాలుగైదు చోట్ల చూడాలి.

చచ్చిన ప్రతి మొగీ ఈ పురుగు వల్ల కాదు. ఆకు ఉల్లి కాడలా గుండ్రంగా, తెల్లగా గొట్టం అయితే అది ఉల్లికోడు. అది ఒక రకం ఈగ చేసే పని. ఆకుల మీద తెల్లని చారలు పడి, ఆకు ఎండినట్టు కనబడితే అది తాటాకు తెగులు. దాని పిల్ల పురుగు ఆకు రెండు పొరల నడుమ దూరి లోపల గీరి తింటుంది. అది రెక్కల పురుగు జాతి కాదు, పెంకు పురుగు జాతి. కంకి మెడ నల్లబడి విరిగితే అది మెడ విరుపు తెగులు. ఒక్కొక్క దానికి మందు వేరు. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయకపోవచ్చు.

జగిత్యాల దగ్గర పొలాసలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. అక్కడ వచ్చిన వరి రకాల్లో కొన్ని ఉల్లికోడును తట్టుకుంటాయి. కానీ మొగి పురుగును పూర్తిగా తట్టుకునే రకం రైతుల చేతికి ఇంకా రాలేదు. కాబట్టి ‘ఈ విత్తనం వేస్తే మొగి పురుగు రాదు’ అని ఎవరైనా చెబితే నమ్మకూడదు.

వాసనతో పట్టడం, దీపంతో పట్టడం

ఆడ రెక్కల పురుగు ఒంటి నుంచి ఒక వాసన వస్తుంది. మనుషులకు అది తెలియదు. మగ పురుగు ఆ వాసన పట్టుకుని వస్తుంది. శాస్త్రవేత్తలు ఆ వాసనను తయారు చేశారు. దాన్ని చిన్న ఎరలో పెట్టి బుట్టకు తగిలిస్తారు. వీటిని లింగాకర్షక బుట్టలు అంటారు. ఆడది ఉందనుకుని వచ్చిన మగ పురుగు బుట్టలో పడుతుంది. పురుగు వచ్చిందా లేదా తెలుసుకోవడానికి ఎకరానికి 3 బుట్టలు చాలు. ఎక్కువ పురుగులను పట్టి తగ్గించాలంటే ఎకరానికి 8 బుట్టలు పెట్టాలి. ఎర పాకెట్టు మీద గడువు రాసి ఉంటుంది. అది చదివి, గడువు దాటగానే మార్చాలి.

దీపపు ఎర ఇంకా పాత పద్ధతి. పొలం ఒరం మీద బల్బు గానీ లాంతరు గానీ పెట్టి, కింద వెడల్పు గిన్నెలో నీళ్లు, కొంచెం కిరోసిన్ పోస్తారు. వెలుగుకు వచ్చిన పురుగులు అందులో పడతాయి. అమావాస్య వైపు రాత్రుల్లో ఎక్కువ పడతాయి. వెన్నెల రాత్రుల్లో తక్కువ పడతాయి. పొద్దు గూకినప్పటి నుంచి రెండు మూడు గంటలు పెట్టి ఆర్పాలి. తెల్లవార్లు ఉంచితే మంచి పురుగులు కూడా చస్తాయి.

పొలంలో చుట్టాలు

మంచి పురుగులా? అవును. పొలంలో ఉన్న ప్రతి పురుగూ శత్రువు కాదు. సాలెపురుగు రెక్కల పురుగును పట్టి తింటుంది. తూనీగ ఎగిరే పురుగులను తింటుంది. కొన్ని రకాల మిడతలు మొగి పురుగు గుడ్లను తింటాయి. ఆవగింజ కంటే చిన్న కందిరీగలు కొన్ని ఉన్నాయి. అవి మొగి పురుగు గుడ్డులోనే తమ గుడ్డు పెడతాయి. లోపలి పిల్లను వాటి పిల్ల తింటుంది. ట్రైకోగ్రామా అనేది అట్లాంటి ఒక రకం. దాన్ని ప్రయోగశాలలో పెంచి, అట్ట కార్డుల మీద ఇస్తారు. ఆ కార్డులను పొలంలో ఆకులకు తగిలిస్తారు.

అవసరం లేకున్నా మందు కొడితే ముందు చచ్చేది ఈ చుట్టాలే. వాళ్లు పోతే తర్వాత సుడి దోమ విరుచుకుపడుతుంది. ఒక కష్టం పోయిందనుకుంటే రెండవది వస్తుంది.

యూరియా కూడా ఎక్కువ వేయకూడదు. యూరియా ఎక్కువైతే వరి ముదురు ఆకుపచ్చగా, మెత్తగా పెరుగుతుంది. అట్లాంటి మొక్క పురుగుకు ఇష్టం. ఒక్కసారే పోయకుండా మూడు సార్లుగా పంచి వేయాలి.

మందు వాడక తప్పకపోతే

ముందు వ్యవసాయ విస్తరణ అధికారిని అడగాలి. రైతు వేదికలో కలవవచ్చు. కిసాన్ కాల్ సెంటర్‌కు 1800 180 1551 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే అడగవచ్చు. డబ్బులు పడవు. దుకాణం వాళ్లు ఇచ్చిందే మందు అనుకోకూడదు.

డబ్బా మీద రాసింది చదవాలి. మందు పేరు, తయారైన తేదీ, గడువు తేదీ చూడాలి. డబ్బా మీద రంగు గుర్తు ఉంటుంది. ఎరుపు అంటే అన్నిటికంటే ఎక్కువ విషం. తర్వాత పసుపు. ఆ తర్వాత నీలం. ఆకుపచ్చ అంటే తక్కువ విషం. తక్కువ అంటే విషం లేదని కాదు. బిల్లు తప్పకుండా తీసుకోవాలి. మందు పనిచేయకపోతే అడగడానికి బిల్లే సాక్ష్యం.

గుళికలు వేసేటప్పుడు పొలంలో పలుచగా నీళ్లు ఉండాలి. వేసిన తర్వాత రెండు మూడు రోజులు నీళ్లు బయటికి పోనీయకూడదు. ఒట్టి చేతులతో గుళికలు కలపకూడదు. చల్లకూడదు. చేతులకు తొడుగులు వేసుకోవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు మందు దగ్గరికి పోకూడదు. ఖాళీ డబ్బాలో నీళ్లు, నూనె పోసుకోకూడదు. మందు కొట్టిన తర్వాత తల తిరిగినా, వాంతి వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. మందు డబ్బాను కూడా దవాఖానకు తీసుకుపోవాలి. దాన్ని చూస్తే డాక్టరుకు వైద్యం సులువు అవుతుంది.

కోత తర్వాత ఒక పని

కోత అయిన వెంటనే కొయ్యకాళ్లను దున్నాలి. లోపలి పురుగులు, గూళ్లు బయటపడి ఎండకు చస్తాయి. పక్షులు తింటాయి. మట్టిలో కలిసిన కొయ్యలు పొలానికి ఎరువు అవుతాయి. నిప్పు పెట్టకూడదు. నిప్పుతో నేల బలం పోతుంది. పొగ ఊరికి హాని. వీలైనంత నేలకు దగ్గరగా కోయమని యంత్రం వాళ్లకు ముందే చెప్పాలి.

వీలైన ఇళ్లు యాసంగిలో ఒకసారి వరి బదులు పెసర, మినుము, పల్లికాయ, మక్క లాంటివి వేస్తే మంచిది. వరి తప్ప వేరే తినని పురుగుకు ఆ కాలం ఉపవాసమే.

ఒక్క విషయం. రెక్కల పురుగుకు గెట్టు తెలియదు. ఒకరు దున్ని, పక్కవారు వదిలేస్తే పురుగు అక్కడి నుంచి ఇక్కడికి వస్తుంది. ఒకరు ముందు, ఒకరు ఆలస్యంగా నాటితే ఆలస్యమైన పొలం మీద పురుగు ఎక్కువ పడుతుంది. కాబట్టి ఒక కాలువ కింద ఉన్న పొలాలన్నీ ఒకేసారి నాటితే మంచిది. ఒకేసారి దున్నితే మంచిది. మహిళా సంఘం కూర్చున్న రోజు ఈ సంగతి కూడా మాట్లాడుకోవచ్చు.

గుర్తు పెట్టుకోవలసినవి

తెల్ల కంకి మీద మందు కొడితే లాభం లేదు.
గుడ్లు ఆకు కొసకు గోధుమ రంగు ముద్దలా ఉంటాయి.
నాటే ముందు నారు కొసలు కోసి పూడ్చాలి.
వారానికి ఒకసారి పొలం చూడాలి. చచ్చిన మొగిలు లెక్కపెట్టాలి.
యూరియా ఎక్కువ వేయకూడదు.
కోత కాగానే కొయ్యకాళ్లు దున్నాలి.

రాసి చూడండి

ఒక నోటు పుస్తకంలో తుకం పోసిన తేదీ, నాటు వేసిన తేదీ రాయాలి. పసుపు రంగు రెక్కల పురుగు మొదటిసారి కనబడిన తేదీ రాయాలి. చచ్చిన మొగిలు నూటికి ఎన్నో రాయాలి. కోత తర్వాత ఎన్ని క్వింటాళ్లు వచ్చాయో రాయాలి. రెండు మూడు పంటలు ఇట్లా రాస్తే తమ పొలంలో పురుగు ఎప్పుడు వస్తుందో ఆ ఇంటి ఆడమనిషికే తెలుస్తుంది. అప్పుడు దుకాణంలో అడగవలసిన పని ఉండదు. తన పుస్తకం తెరిచి చూసుకుంటే చాలు.